అడయార్‌లో ఆదివారం సందేహాల బల్లలు: ఫిజిక్స్, మ్యాథ్స్ చదివే డిగ్రీ పిల్లలకు ఎంతవరకు పనికొస్తాయి

చెన్నైలో చదువుకునే తెలుగు పిల్లలకు ట్యూషన్లకేం తక్కువ లేదు. గిండీ నుంచి తాంబరం దాకా ఏ వీధిలో చూసినా బోర్డులే. అవన్నీ సిలబస్ మొదటి నుంచి చివరి దాకా చెప్పేవి, నెలకింతని కట్టించుకునేవి. క్లాసు అర్థమైంది, సూత్రాలు తెలుసు, చాప్టర్ చివర ఏడో లెక్క దగ్గర మాత్రం బండి ఆగిపోయింది అనుకునే కుర్రాడికి ఆ ట్యూషన్లతో పని లేదు. వాడికి కావలసింది తన కాగితం చూసి "ఇదిగో, ఈ లైను దగ్గర తప్పావు" అని చెప్పే మనిషి. అడయార్‌లో ప్రతి ఆదివారం నడిచే సందేహాల బల్లలు ఆ పనికే పెట్టినవి, ఆ పని బాగానే చేస్తున్నాయి. ఎలా వాడుకోవాలో తెలియక చాలామంది ఉత్త చేతులతో తిరిగి వెళ్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

దీనికి పేరూ లేదు, బోర్డూ లేదు. ఒక ట్యూషన్ సెంటర్ వాళ్లు ఆదివారం ఖాళీగా ఉండే మేడమీది హాలు ఇచ్చారు. మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 7 దాకా. ఆరు బల్లలు, ఒక్కో బల్ల దగ్గర సాయం చేసేవాళ్లు ఒకరు, అడిగేవాళ్లు ముగ్గురు నలుగురు. చెప్పేవాళ్లు ఎక్కువగా బీఎస్సీ మూడో ఏడాది, ఎమ్మెస్సీ పిల్లలు. అప్పుడప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు కూడా వస్తారు. రెండు బల్లల దగ్గర తెలుగులోనే మాట్లాడుకోవచ్చు, మిగతావి ఇంగ్లిష్, తమిళం. సూళ్లూరుపేట, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చినవాళ్లకు ఇది పెద్ద ఊరట. జడత్వ భ్రామకం అన్నా, మూమెంట్ ఆఫ్ ఇనర్షియా అన్నా ఆ బల్లల దగ్గర ఒకటే.

రుసుము పూటకు 50 రూపాయలు. అది టీకి, తెల్ల కాగితాలకు, జిరాక్సులకు పోతుంది. సాయం చేయడానికి వచ్చినవాళ్లు ఏమీ కట్టక్కర్లేదు. ఒక షరతు మాత్రం ఉంది: నాలుగు పూటలు అడిగేవైపు కూర్చున్నాక, ఒక గంట చెప్పేవైపు కూర్చోవాలి. మొదటి ఏడాది పిల్లలైతే ఇంటర్ స్థాయి లెక్కలు చెప్తే చాలు. ఈ షరతు గురించి తర్వాత చెప్తాను, నా దృష్టిలో ఈ ఏర్పాటుకు ప్రాణం అదే.

లోపలికి వెళ్లగానే ఒక చీటీ ఇస్తారు. అందులో మూడు గడులు. లెక్క పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, పూర్తిగా. నువ్వు ఎక్కడిదాకా చేశావు. ఎక్కడ అనుమానంగా ఉంది. ఈ మూడూ నింపనిదే టోకెన్ ఇవ్వరు. చూడ్డానికి ఆఫీసు తతంగంలా ఉంటుంది, విసుక్కునేవాళ్లూ ఉన్నారు. సగం సందేహాలు ఈ చీటీ నింపుతుండగానే తేలిపోతాయని అక్కడ కాసేపు కూర్చున్న ఎవరికైనా తెలుస్తుంది.

మొదటి గడి దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. లెక్కను సొంత మాటల్లో కుదించి రాస్తారు: "వాలు తలం మీద దిమ్మ జారుతోంది, త్వరణం కనుక్కోవాలి". తలానికి ఘర్షణ ఉందా? ఆ తలం నేలకు బిగించి ఉందా, లేక అదీ కదులుతుందా? పుస్తకంలో "నునుపైన నేల మీద స్వేచ్ఛగా ఉంచిన" అనే ఐదు మాటలు ఉంటాయి. అవి వదిలేస్తే లెక్కే మారిపోతుంది. దిమ్మ కిందికి జారుతుంటే తలం వెనక్కి జరుగుతుంది, అప్పుడు జీ సైన్ తీటా అనే జవాబు చెల్లదు. ఫోన్లో ఫొటో తీసుకొచ్చేవాళ్లు బొమ్మను సగానికి కత్తిరించి తెస్తారు. కాబట్టి పుస్తకమే పట్టుకెళ్లండి.

రెండో గడిలో "ఏం చేయాలో తెలియలేదు" అని రాస్తే ఒప్పుకోరు. కనీసం బొమ్మ గీయాలి, బలాలు గుర్తించాలి, ఇచ్చినవేవో అడిగినవేవో రాయాలి. ఇది న్యాయమైన పట్టింపు. ఖాళీ కాగితం చూసి ఎదుటివాళ్లు చేయగలిగింది మొత్తం లెక్క చేసి పెట్టడమే, ఆ పనికి ఫోనుంది.

బల్ల దగ్గర పని ఎలా జరుగుతుందో ఒక లెక్కతో చూపిస్తాను. మెకానిక్స్ బల్లకు తరచుగా వచ్చేదే. గరుకు నేల మీద ఎం ద్రవ్యరాశి, ఆర్ వ్యాసార్థం ఉన్న గట్టి సిలిండర్. దాని చుట్టూ చుట్టిన తాడు పైఅంచు నుంచి వస్తోంది, దాన్ని ఎఫ్ బలంతో అడ్డంగా లాగుతున్నారు. సిలిండర్ జారకుండా దొర్లుతోంది. త్వరణం ఎంత, ఘర్షణ ఎంత, ఎటువైపు?

వచ్చిన కుర్రాడు ఘర్షణను వెనక్కి గీశాడు. ఘర్షణను చిన్న ఎఫ్ అనుకుని, ఎఫ్ మైనస్ చిన్న ఎఫ్ ఈక్వల్స్ ఎంఏ అన్నాడు. కేంద్రం చుట్టూ టార్క్, అంటే బలం తిప్పే ప్రభావం, తీసుకుంటే రెండు బలాలూ ఒకేవైపు తిప్పుతాయి కాబట్టి ఎఫ్ ప్లస్ చిన్న ఎఫ్ ఈక్వల్స్ సగం ఎంఏ అన్నాడు. రెండూ కలిపితే త్వరణం 4ఎఫ్ బై 3ఎం వచ్చింది, సరైనదే. ఘర్షణ మాత్రం మైనస్ ఎఫ్ బై 3 వచ్చింది. ఆ మైనస్ చెరిపేసి, ఎఫ్ బై 3, వెనక్కి అని రాసుకొచ్చాడు.

"మైనస్ ఎక్కడికి పోయింది తమ్ముడూ?"

"ఘర్షణకు మైనస్ రాదు కదన్నా."

"ఎందుకు రాదు? నువ్వు వెనక్కి అనుకున్నావు. లెక్క ఏమంటోంది?"

"ముందుకంటోంది. కానీ ఘర్షణ కదలికను ఆపాలి కదా."

"దేని కదలికని?"

ఆ చివరి ప్రశ్న దగ్గర, చెప్పేవైపు కూర్చున్న అన్న ఆగాడు, పెన్ను ముట్టుకోలేదు. కుర్రాడి చేతే చేయించాడు: నేలకు అసలు ఘర్షణే లేదనుకో, ఏమవుతుంది? కేంద్రం ముందుకు ఎఫ్ బై ఎం త్వరణంతో పోతుంది. తిరగడం వల్ల నేలకు తగిలే బిందువుకు వెనక్కి 2ఎఫ్ బై ఎం త్వరణం వస్తుంది, ఎందుకంటే జడత్వ భ్రామకం సగం ఎంఆర్ స్క్వేరే. రెండూ కలిపితే ఆ బిందువు నికరంగా వెనక్కి జారబోతోంది. ఘర్షణ ఆపేది ఆ జారుడుని. అందుకే అది ముందుకు. ఇంకో సాక్ష్యం కూడా కుర్రాడే పట్టుకున్నాడు: త్వరణం 4ఎఫ్ బై 3ఎం అంటే, తాడు ఒక్కటే లాగితే రావలసిన ఎఫ్ బై ఎం కంటే ఎక్కువ. ముందుకు తోసేది ఇంకేదో ఉండి తీరాలి, అక్కడున్నది ఘర్షణ ఒక్కటే.

అక్కడితో వదలలేదు. తాడును కేంద్రానికి హెచ్ ఎత్తులో కట్టి లాగితే ఘర్షణ ఎప్పుడు సున్నా అవుతుందో చెప్పమన్నాడు. జవాబు ఆర్ బై 2 ఎత్తు. అంతకంటే పైన లాగితే ఘర్షణ ముందుకు, కింద లాగితే వెనక్కి. సరిగ్గా ఇరుసు దగ్గర లాగితే మళ్లీ ఎఫ్ బై 3, కానీ ఈసారి వెనక్కి. కుర్రాడు మొదట రాసుకొచ్చిన జవాబు ఈ లెక్కది. గోళమైతే ఆ ఎత్తు 2ఆర్ బై 5. ఇరవై నిమిషాల్లో ఒక లెక్క కాస్తా ఒక కుటుంబం లెక్కలయ్యాయి. నాలుగు నెలల ట్యూషన్‌లో కూడా ఇంత దొరకడం కష్టం.

మ్యాథ్స్ బల్ల కూడా ఇదే తీరు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ నుంచి ఒకటి చెప్తాను. డీవై బై డీఎక్స్ ఈక్వల్స్ రూట్ వై, ఎక్స్ సున్నా అయినప్పుడు వై సున్నా. చరరాశులను విడదీసి సమాకలనం చేస్తే వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్ బై 4 వస్తుంది. అందరూ అక్కడ గీత గీసి ముగిస్తారు. బల్ల దగ్గరి అక్క అడిగే ప్రశ్న ఒక్కటే: "రూట్ వైతో భాగించావు కదా, అది సున్నా అయితే?" వై ఎప్పుడూ సున్నా అనేదీ జవాబే, ఆ భాగహారంలో జారిపోయింది. ఇంకా ఉన్నాయి. కొంతదూరం సున్నాగా ఉండి, సున్నాకు కుడివైపు ఏదో ఒక చోట, సీ దగ్గర అనుకుందాం, లేచి ఎక్స్ మైనస్ సీ హోల్ స్క్వేర్ బై 4గా వెళ్లేవి ఎన్నైనా రాయొచ్చు. అంటే జవాబులు అనంతం. రూట్ వైని వైతో అవకలనం చేస్తే సున్నా దగ్గర విలువ అనంతానికి పోతుంది, అందుకే ఏకైక సాధన ఉంటుందని హామీ ఇచ్చే సిద్ధాంతం ఇక్కడ వర్తించదు. ఆ సిద్ధాంతంలో లిప్‌షిట్జ్ షరతు (వైతో పాటు ఫంక్షన్ మారే రేటు ఒక హద్దు దాటకూడదన్నది) ఎందుకు పెట్టారో క్లాసులో బట్టీ పట్టినవాళ్లకు ఇక్కడ కళ్లముందు కనిపిస్తుంది.

ఎమ్మెస్సీ సీట్ల కోసం ఐఐటీ జామ్ ప్రవేశ పరీక్ష రాసే మూడో ఏడాది పిల్లలు డిసెంబరు, జనవరి నెలల్లో ఎక్కువగా వస్తారు. వాళ్లకు మూడు గంటల్లో 60 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి భాగంలో 30 మల్టిపుల్ చాయిస్, వాటికి నెగటివ్ మార్కులున్నాయి: ఒక మార్కు ప్రశ్న తప్పితే మూడో వంతు, రెండు మార్కులది తప్పితే మూడింట రెండు వంతులు పోతాయి. రెండో భాగంలో ఒకటికంటే ఎక్కువ సరైన జవాబులు ఉండగలిగే ప్రశ్నలు పది. నెగటివ్ లేదు, కానీ సరైనవన్నీ గుర్తించకపోతే సున్నాయే. మూడో భాగంలో అంకె వేసేవి ఇరవై, నెగటివ్ లేదు. ఈ బల్లల దగ్గర రెండో భాగానికి మంచి తర్ఫీదు దొరుకుతుంది. నాలుగు ఆప్షన్లలో ప్రతిదీ ఎందుకు ఒప్పో, ఎందుకు తప్పో విడివిడిగా చెప్పిస్తారు, తప్పయిన ప్రతిదానికీ ఒక ఉదాహరణ ఇమ్మంటారు. వేగం పెంచే చిట్కాలు కావాలంటే మాత్రం ఇక్కడికి రావద్దు, అది కోచింగ్ వాళ్ల పని.

ప్రాక్టికల్ రికార్డుల గురించి అడగొచ్చని చాలామందికి తెలియదు. నిజానికి అక్కడ అన్నిటికంటే బాగా చెప్పేది ఎర్రర్ అనాలిసిస్, అంటే కొలతల్లో దోషం ఎంతో లెక్కగట్టడం. లోలకంతో జీ (గురుత్వ త్వరణం) విలువ కనుక్కునే ప్రయోగమే తీసుకోండి. పొడవు ఒక మీటరు, 20 డోలనాలకు 40 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా అనుకుంటే కాలంలో దోషం అర శాతం. జీ సూత్రంలో కాలం వర్గంగా ఉంది కాబట్టి అది ఒక శాతమవుతుంది. పొడవులో ఒక మిల్లీమీటరు తప్పితే 0.1 శాతమే. రెండు వర్గాలూ కూడి వర్గమూలం తీసినా ఒక శాతం దగ్గరే ఉంటుంది. పిల్లలేమో స్కేలుతో పొడవును మళ్లీ మళ్లీ కొలుస్తూ గంట గడుపుతారు, డోలనాలు మాత్రం పదే లెక్కపెడతారు. చేయాల్సింది దానికి తిరగేసి: పొడవు ఒకటి రెండుసార్లు చాలు, డోలనాలు 50కి పెంచాలి, అప్పుడు జీలో దోషం 0.4 శాతానికి దిగుతుంది. కంపన పరిమితి, అంటే లోలకం పక్కకు ఊగే దూరం, చిన్నగా ఉంచాలి. గోళం పైభాగం దాకా కాకుండా దాని కేంద్రం దాకా పొడవు కొలవాలి. ఈ రెండూ కూడా గుర్తు చేస్తారు.

ఇక చెప్పేవైపు కూర్చోవడం. ఆ ఒక్క గంట షరతు చూసి భయపడి నాలుగో పూట తర్వాత మానేసేవాళ్లున్నారు. మానకండి. మొదట పావుగంట పాత మనిషి పక్కన కూర్చోబెట్టి పద్ధతి చూపిస్తారు. పెన్ను అడిగినవాడి చేతిలోనే ఉండాలి. మొదటి ప్రశ్న ఎప్పుడూ "ఏమడిగారు?" అనే ఉండాలి. తప్పు ఎక్కడుందో కనిపించినా వెంటనే చెప్పకూడదు, ఆ తప్పు ఎక్కడ బయటపడుతుందో అక్కడికి తీసుకెళ్లే ప్రశ్న వేయాలి: ప్రమాణాలు సరిపోయాయా, కోణం సున్నా పెడితే ఏమొస్తుంది, ద్రవ్యరాశి చాలా పెద్దదైతే ఏమవ్వాలి. ఎక్స్ స్క్వేర్‌ను హారంలో పెట్టి, మైనస్ 1 నుంచి 1 దాకా సమాకలనం చేసి మైనస్ 2 తెచ్చినవాడికి "ఎప్పుడూ ధనాత్మకంగా ఉండే ఫంక్షన్ కింద వైశాల్యం రుణాత్మకం ఎలా అయింది?" అంటే చాలు, మధ్యలో సున్నా దగ్గర ఫంక్షన్ పగిలిపోయిందని వాడే చూసుకుంటాడు. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి పక్క బల్లకు పంపాలి. ఇది అక్కడ రాసిపెట్టిన నియమమే.

అడిగేటప్పుడు మసకగా ఉన్న చాప్టర్ చెప్పేటప్పుడు తేటపడుతుంది. ఘర్షణ దిశ ఎందుకలా ఉందని ఎదుటివాడు మూడుసార్లు అడిగితే, మూడోసారికి మన సమాధానంలో అనవసరమైన మాట ఒక్కటీ మిగలదు. వైవాలో కూర్చున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. క్వాంటమ్, స్టాటిస్టికల్ మెకానిక్స్‌కు నమ్మకంగా దొరికేవాళ్లు లేరు. పీహెచ్‌డీ వాళ్లు వచ్చిన రోజు అదృష్టం, రాని రోజు ఆ చీటీలు పక్కన పడి ఉంటాయి. అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్‌కు ఒక్క బల్లే ఉంది, అది తెలుగు బల్ల కాదు. సెమిస్టర్ పరీక్షల ముందు రెండు వారాలు రద్దీ విపరీతం. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చోవాల్సి వస్తుంది, ఆ హడావుడిలో చెప్పేవాళ్లు కూడా పెన్ను లాక్కుని గబగబా చేసి ఇచ్చేస్తారు. అలా చేసిన లెక్క ఇంటికెళ్లాక మళ్లీ అర్థం కాదు. ఆ రోజుల్లో వెళ్తే, చేసి ఇచ్చిన కాగితం మడిచి పక్కన పెట్టి, అక్కడే ఇంకో కాగితం మీద చూడకుండా మళ్లీ చేయండి. ఆగిన చోట మళ్లీ అడగండి. ఎవరూ ఏమీ అనరు.

హాల్లో ఫ్యాన్లు రెండే. ఏప్రిల్, మే నెలల్లో ఉక్క భరించడం కష్టం, నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి. ఆడపిల్లలకు ఇబ్బంది లేదు, చెప్పేవాళ్లలో సగం మంది అక్కలే. హాలు మూసేసరికి ఏడు దాటుతుంది కాబట్టి దూరం వెళ్లేవాళ్లు ఆరున్నరకే లేవడం మేలు.

ఫోన్ యాప్‌లో వచ్చిన జవాబు పట్టుకొచ్చినా కాదనరు, కానీ దాన్ని కూడా చీటీలో మీరు చేసిన పనిలాగే చూస్తారు: ఈ లైను నుంచి ఈ లైనుకు ఎలా వచ్చింది, చెప్పు. చెప్పలేకపోతే అక్కడి నుంచే మొదలు. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. యాప్ చక్కగా వరసలు పేర్చి ఇస్తుంది, మధ్యలో గుర్తు తారుమారైనా చదివేవాడికి అనుమానం రాదు. పైన చెప్పిన సిలిండర్ లెక్కలో ఘర్షణ దిశ లాంటివి అలాగే దాటిపోతాయి.

కాలేజీ అసైన్‌మెంట్లు మాత్రం తీసుకోరు. మార్కులు పడే అసైన్‌మెంట్ అని తెలిస్తే అదే పోలికలో వేరే లెక్క ఇచ్చి చేయిస్తారు. దీని మీద అప్పుడప్పుడు వాదన జరుగుతుంది, వాళ్లు మెత్తబడరు. మెత్తబడకపోవడమే మంచిది.

వెళ్లడం ఎలాగంటే, బీచ్ నుంచి వేళచ్చేరి వెళ్లే ఎమ్మార్టీఎస్ రైలెక్కి కస్తూర్బా నగర్‌లో దిగడం తేలిక. చేపాక్, కొట్టూర్పురం నుంచి వచ్చేవాళ్లకు అదే లైను. తాంబరం వైపు వాళ్లు గిండీ దాకా ఎలక్ట్రిక్ ట్రైన్‌లో వచ్చి అక్కడి నుంచి అడయార్ బస్సు పట్టుకోవాలి. ఆదివారం రైళ్లు పల్చగా ఉంటాయి, అరగంట ముందు బయల్దేరండి. ముందుగా వచ్చి కాసేపు చదువుకోవాలంటే కొట్టూర్పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది, 2010లో తెరిచిన తొమ్మిది అంతస్తుల భవనం. ఫిజిక్స్, మ్యాథ్స్ పుస్తకాలు బోలెడు. లెక్క ప్రయత్నం అక్కడ చేసుకుని, ఆగిన చోటుతో బల్ల దగ్గరికి రావడం మంచి పద్ధతి. అక్కడికి దగ్గర్లోనే తరమణిలో గణితశాస్త్ర పరిశోధన సంస్థ మ్యాట్‌సైన్స్ ఉంది, 1962లో దాన్ని నెలకొల్పింది మన భౌతిక శాస్త్రవేత్త అల్లాడి రామకృష్ణన్. ఈ చుట్టుపక్కల లెక్కల వాసన కొత్తది కాదు.

పట్టుకెళ్లాల్సినవి: పుస్తకం, మీరు కొట్టేసిన కాగితాలు కూడా, పెన్సిల్, రబ్బరు, మామూలు కాలిక్యులేటర్, 50 రూపాయల చిల్లర. కొట్టేసిన కాగితాలు సిగ్గుపడి ఇంట్లో వదలకండి, చెప్పేవాళ్లు ముందు అడిగేది అవే. ఒక పూటకు రెండు లెక్కలకు మించి పెట్టుకోవద్దు. సిలబస్ మొత్తం వెనకబడి ఉంటే దీనికంటే మామూలు ట్యూషన్ నయం. చదువుతూ మధ్యలో ఆగిపోతున్నవాళ్లకు మాత్రం, చెన్నైలో ఈ ధరకు ఇంత ఓపికగా చెప్పే చోటు ఇంకొకటి నాకు కనిపించలేదు. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది క్వాంటమ్ బల్ల కోసం.